విండోస్ 11 ల్యాప్‌టాప్‌లో పక్కనే ఉబుంటు: 200 జీబీ ఖాళీ ఉన్నా ష్రింక్ 9 జీబీ దగ్గరే ఆగిపోతోంది

#1 · తూనీగ

నమస్కారం అండి. మెషిన్ వివరాలు: 512 జీబీ ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ ఒక్కటే, 16 జీబీ ర్యామ్, 12వ తరం ఇంటెల్ ప్రాసెసర్, ఎన్విడియా గ్రాఫిక్స్, కొన్నప్పుడే వచ్చిన విండోస్ 11. సీ డ్రైవులో 210 జీబీ ఖాళీ. విండోస్ అలాగే ఉండాలి, దాని పక్కన ఉబుంటు 24.04 (లినక్స్) కావాలి.

మూడు చోట్ల ఆగిపోయింది. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో సీ డ్రైవును ష్రింక్ చెయ్యబోతే (కుదించబోతే) 9 జీబీకి మించి ఇవ్వనంటోంది. ఉబుంటు పెన్‌డ్రైవ్‌తో బూట్ చేస్తే ఇన్‌స్టాలర్‌లో అసలు ఎస్‌ఎస్‌డీయే కనపడటం లేదు. సెక్యూర్ బూట్ (సంతకం ఉన్న ప్రోగ్రాములనే బూట్ కానిచ్చే రక్షణ) ఆపాలా, ఉంచాలా అన్నది తేలలేదు. ఏది ముందు చెయ్యాలో వరస చెప్పగలరా?

#2 · రాతిగోడ

పెన్‌డ్రైవ్ తీసి పక్కన పెట్టండి. సగం పని విండోస్ లోపలే ఉంది, అది పూర్తయ్యేదాకా ఇన్‌స్టాలర్ జోలికి వెళ్లొద్దు.

అన్నిటికన్నా ముందు ఎన్‌క్రిప్షన్ (డిస్కుకు తాళం, విండోస్‌లో బిట్‌లాకర్) సంగతి చూడండి. సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, అందులో డివైస్ ఎన్‌క్రిప్షన్. చాలామంది "నేను బిట్‌లాకర్ పెట్టలేదు" అనుకుంటారు. 2024లో వచ్చిన 24హెచ్2 వెర్షన్ కొత్తగా ఎక్కిన మెషిన్లలో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే అది దానంతటదే ఆన్ అవుతుంది. ఆన్‌లో ఉంటే 48 అంకెల రికవరీ కీ మీ అకౌంట్ పేజీలో ఉంటుంది. ఆరేసి అంకెల చొప్పున ఎనిమిది గుంపులు. దాన్ని కాగితం మీద రాసుకోండి, లేదా ఫోన్‌లో పెట్టుకోండి. అదే ల్యాప్‌టాప్‌లో దాచుకుంటే తాళంచెవి పెట్టెలో వేసి పెట్టెకు తాళం పెట్టినట్టే. బయోస్‌లో (మదర్‌బోర్డు సెట్టింగ్‌లలో) ఏం మార్చినా, బూట్ క్రమం కదిలినా విండోస్ ఆ కీ అడగవచ్చు. కీ లేకపోతే డేటా మీద ఆశ వదులుకోవాల్సిందే.

నా సలహా ఏంటంటే ఇన్‌స్టాల్ అయ్యేదాకా ఎన్‌క్రిప్షన్ పూర్తిగా ఆపెయ్యండి. డిక్రిప్షన్ కొంతసేపు పడుతుంది, పూర్తయ్యిందని చూపించాకే ముందుకు వెళ్లండి. అంతా కుదిరాక మళ్లీ ఆన్ చేసుకోవచ్చు.

తర్వాత ఫాస్ట్ స్టార్టప్. ఇది విండోస్ 8 కాలం నుంచీ ఉంది. షట్‌డౌన్ కొట్టినప్పుడు విండోస్ నిజంగా ఆగదు, కెర్నల్‌ను (సిస్టమ్ గుండెకాయను) డిస్కు మీద దాచి నిద్రపోతుంది. సీ డ్రైవు సగం తెరిచిన పుస్తకంలా అలాగే ఉండిపోతుంది. అడ్మినిస్ట్రేటర్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి పవర్‌సీఎఫ్‌జీ, స్లాష్ హెచ్, ఆఫ్ అని ఇవ్వండి. హైబర్నేషన్‌తో పాటు ఫాస్ట్ స్టార్టప్ కూడా పోతుంది, హైబర్‌ఫిల్ ఫైలు చెరిగిపోతుంది. అది మామూలుగా ర్యామ్‌లో 40 శాతం, అంటే మీకు 6 జీబీ పైచిలుకు తిరిగొస్తుంది.

ఇక మీ 9 జీబీ. విండోస్ డ్రైవు చివరి నుంచి మొదలుకు ఫైళ్లను జరుపుకుంటూ వస్తుంది. దారిలో కదల్చకూడని ఫైలు ఒక్కటి అడ్డొచ్చినా అక్కడే ఆగుతుంది, దాని వెనక ఎంత ఖాళీ ఉన్నా లాభం లేదు. అడ్డున్నది ఏమిటో ఊహించక్కర్లేదు. ఈవెంట్ వ్యూయర్‌లో విండోస్ లాగ్స్, అప్లికేషన్ తెరిచి 259 నంబరు ఈవెంట్ చూడండి. ష్రింక్ ప్రయత్నించిన ప్రతిసారీ ఆపిన ఫైలు పేరు అందులో రాస్తుంది.

#3 · తూనీగ

259 దొరికింది. పేజ్‌ఫైల్ పేరు ఉంది. హైబర్నేషన్ ఆపాక 9 కాస్తా 31 జీబీ అయింది, అంతే.

#4 · రాతిగోడ

అయితే పేజ్‌ఫైల్‌ను (ర్యామ్ చాలనప్పుడు విండోస్ వాడే ఫైలును) కాసేపు తీసెయ్యండి. సిస్టమ్ ప్రాపర్టీస్, అడ్వాన్స్‌డ్, పర్ఫార్మెన్స్ సెట్టింగ్స్, మళ్లీ అడ్వాన్స్‌డ్, వర్చువల్ మెమరీ. ఆటోమేటిక్ టిక్కు తీసి, సీ డ్రైవుకు "నో పేజింగ్ ఫైల్" ఎంచుకుని సెట్ నొక్కాలి. సెట్ నొక్కకుండా ఓకే కొడితే ఏమీ మారదు, చాలామంది అక్కడే పొరపడతారు. అదే విండోలో సిస్టమ్ ప్రొటెక్షన్ కూడా ఆపితే రీస్టోర్ పాయింట్లు పోయి మరికొంత దారి తెరుచుకుంటుంది. రీస్టార్ట్ చేసి వెంటనే ష్రింక్ చెయ్యండి. 16 జీబీ ర్యామ్ ఉంది కాబట్టి పేజ్‌ఫైల్ లేకుండా ఆ కాసేపు ఇబ్బంది రాదు. పని కాగానే రెండూ తిరిగి ఆన్ చెయ్యడం మర్చిపోవద్దు.

ష్రింక్ పెట్టెలో అంకె ఎంబీలలో ఉంటుంది. 100 జీబీ కావాలంటే 102400. సీ డ్రైవులో 110 జీబీ మిగులుతుంది, విండోస్ అప్‌డేట్లకు అది బాగానే సరిపోతుంది. వచ్చిన ఖాళీని "అన్‌అలొకేటెడ్"గానే వదిలెయ్యండి. న్యూ సింపుల్ వాల్యూమ్ చెయ్యొద్దు, డ్రైవ్ లెటర్ ఇవ్వొద్దు.

ఉబుంటు ఇన్‌స్టాలర్ కూడా సీ డ్రైవును కుదించగలదు. అయినా విండోస్ పార్టిషన్‌ను విండోస్ చేతే కుదించడం మంచిది. తన ఫైళ్లు ఎక్కడున్నాయో దానికి తెలిసినంత బయటి టూల్‌కు తెలియదు.

#5 · నల్లకలువ

ఎస్‌ఎస్‌డీ కనపడకపోవడం గురించి నేను చెబుతాను. 11వ తరం నుంచి చాలా ఇంటెల్ ల్యాప్‌టాప్‌లలో స్టోరేజ్ వీఎండీ అనే ఇంటెల్ డిస్కు కంట్రోలర్ వెనక ఉంటుంది. పాతవాటిలో అదే పనిని ఆర్‌ఎస్‌టీ మోడ్ అనేవారు. డిస్కు ఆ కంట్రోలర్ చాటున ఉండటంతో ఇన్‌స్టాలర్‌కు కనపడకపోవచ్చు. బయోస్‌లో వీఎండీ ఆపినా, సాటా మోడ్‌ను ఏహెచ్‌సీఐకి మార్చినా డిస్కు బయటపడుతుంది.

కానీ నేరుగా మార్చేస్తే విండోస్ నీలి తెరతో ఆగిపోతుంది, "ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైస్" అంటుంది. కొత్త మోడ్‌కు కావల్సిన డ్రైవర్‌ను అది బూట్ సమయంలో ఎక్కించుకోదు కాబట్టి. దారి ఇది: విండోస్‌లో ఎంఎస్‌కాన్ఫిగ్ తెరిచి, బూట్ ట్యాబ్‌లో సేఫ్ బూట్, మినిమల్ టిక్కు పెట్టండి. రీస్టార్ట్ చేస్తూ నేరుగా బయోస్‌లోకి వెళ్లి మోడ్ మార్చి సేవ్ చెయ్యండి. విండోస్ సేఫ్ మోడ్‌లో లేస్తుంది, అప్పుడే డ్రైవర్ పట్టుకుంటుంది. మళ్లీ ఎంఎస్‌కాన్ఫిగ్‌లో ఆ టిక్కు తీసి రీస్టార్ట్ చేస్తే మామూలుగా వస్తుంది.

రెండు జాగ్రత్తలు. సేఫ్ మోడ్‌లో పిన్ పనిచెయ్యకపోవచ్చు, అకౌంట్ పాస్‌వర్డ్ గుర్తుందో లేదో ముందే చూసుకోండి. రెండోది, మెషిన్‌లో రెండు డిస్కులను నిజంగానే రైడ్‌గా (ఒకే డిస్కులా) కలిపి వాడుతుంటే ఈ మార్పు జోలికే వెళ్లొద్దు, డేటా పోతుంది. మీకు ఒక్క డిస్కే కాబట్టి భయం లేదు.

బయోస్‌లో ఆ ఆప్షనే కనపడకపోతే మెయిన్ పేజీలో కంట్రోల్, ఎస్ కలిపి నొక్కి చూడండి. కొన్ని మోడళ్లలో అది అలా దాగి ఉంటుంది.

#6 · చిగురు

సెక్యూర్ బూట్ ఆన్‌లోనే ఉంచండి. ఆపమనే సలహా పాతకాలంది. ఉబుంటు బూట్ అయ్యేటప్పుడు మొదట లేచేది షిమ్ అనే చిన్న ప్రోగ్రామ్, దాని మీద మైక్రోసాఫ్ట్ సంతకం ఉంటుంది. షిమ్ గ్రబ్‌ను (ఏ సిస్టమ్ తెరవాలో అడిగే బూట్ మెనూను) సరిచూస్తుంది, గ్రబ్ కెర్నల్‌ను సరిచూస్తుంది. గొలుసు తెగదు. ఫెడోరా, డెబియన్, ఓపెన్‌సూసే కూడా అంతే. ఆర్చ్ లాంటివాటికి మాత్రం మీరే సంతకం సంగతి చూసుకోవాలి.

ఇబ్బంది వచ్చేది బయటి కెర్నల్ మాడ్యూళ్లతో. ఎన్విడియా డ్రైవర్‌కూ వర్చువల్‌బాక్స్‌కూ మీ మెషిన్లోనే మాడ్యూల్ తయారయ్యే పరిస్థితి వస్తే, దాని సంతకానికి ఎంఓకే (మెషిన్ యజమాని తాళంచెవి) కావాలి. అప్పుడు ఒక పాస్‌వర్డ్ పెట్టమంటుంది. తర్వాతి బూట్‌లో నీలి తెర మీద "ఏదైనా కీ నొక్కండి" అని 10 సెకన్లు లెక్కపెడుతుంది. ఆ పది సెకన్లలో కీ నొక్కి, ఎన్‌రోల్ ఎంఓకే, కంటిన్యూ, యస్, ఆ పాస్‌వర్డ్, రీబూట్. చాలామంది ఆ తెర చూసి కంగారుపడి వదిలేస్తారు, అది గడువు దాటి మామూలుగా బూట్ అయిపోతుంది. ఆ తర్వాత గ్రాఫిక్స్ డ్రైవర్ ఎక్కక స్క్రీన్ రిజల్యూషన్ పాడవుతుంది, తప్పు డ్రైవర్‌ది అనుకుంటారు.

#7 · మట్టిదివ్వె

ఒక ప్రశ్న. అసలు ఇంత కష్టం దేనికి, విండోస్ లోపలే నడిచే వర్చువల్ మెషిన్ చాలదా?

#8 · చిగురు

టెర్మినల్, కంపైలర్, సర్వర్ ప్రోగ్రాములు మాత్రమే కావాలంటే విండోస్ లోపలే లినక్స్ నడిపే డబ్ల్యూఎస్‌ఎల్2 చాలు. డెస్క్‌టాప్ ఎలా ఉంటుందో చూడటానికి వర్చువల్‌బాక్స్ చాలు. గ్రాఫిక్స్ కార్డు పూర్తి బలంతో కావాలన్నా, 8 జీబీ ర్యామ్ మాత్రమే ఉన్నా, హార్డ్‌వేర్‌ను నేరుగా పట్టుకోవాలన్నా వేరే బూట్ తప్పదు. తూనీగ గారిది మూడో రకం అనుకుంటున్నాను.

#9 · తూనీగ

అవునండి, గ్రాఫిక్స్ కార్డు నేరుగా కావాలి.

పేజ్‌ఫైల్, రీస్టోర్ పాయింట్లు ఆపాక 102400 వచ్చింది. వీఎండీ కూడా నల్లకలువ గారు చెప్పిన వరసలోనే మార్చాను, ఎస్‌ఎస్‌డీ కనపడుతోంది. ఇప్పుడు పార్టిషన్లు ఎలా చెయ్యాలి? లిస్టులో 100 ఎంబీ ఫ్యాట్32, 16 ఎంబీ ఒకటి, సీ, ఖాళీ, చివర 800 ఎంబీలది ఒకటి చూపిస్తోంది.

#10 · రాతిగోడ

ఆ 100 ఎంబీది ఈఎఫ్‌ఐ పార్టిషన్. మొత్తం కథ దాని చుట్టూనే తిరుగుతుంది. అందులో మైక్రోసాఫ్ట్ ఫోల్డర్‌లో విండోస్ బూట్ ఫైళ్లుంటాయి, ఉబుంటు అందులోనే తన పేరుతో ఇంకో ఫోల్డర్ పెట్టుకుంటుంది. రెండూ ఒకదాన్నొకటి తాకవు. దాన్ని బూట్-ఈఎఫ్‌ఐ మౌంట్ పాయింట్‌గా వాడండి, ఫార్మాట్ టిక్కు మాత్రం పొరపాటున కూడా పెట్టొద్దు. అది చెరిగిపోతే విండోస్ లేవదు. 16 ఎంబీది మైక్రోసాఫ్ట్ రిజర్వ్‌డ్, చివరిది రికవరీ. రెంటినీ ముట్టుకోవద్దు.

100 ఎంబీ చాలదేమో అని భయపడతారు. ఉబుంటు కెర్నళ్లను తన రూట్ పార్టిషన్లోనే పెట్టుకుంటుంది, ఈఎఫ్‌ఐలో కొద్ది ఎంబీలే వాడుతుంది. సిస్టమ్‌డీ-బూట్ వాడే పాప్ ఓఎస్ లాంటివి కెర్నళ్లను కూడా ఈఎఫ్‌ఐలోనే పెడతాయి, వాటికి 500 ఎంబీ పైన ఉండాలి. అలాంటివి పెట్టాలనుకుంటే ఆ ఖాళీలోనే వేరే ఈఎఫ్‌ఐ పార్టిషన్ చెయ్యడం మేలు.

మిగతా 100 జీబీని రెండు ముక్కలు చెయ్యండి. రూట్‌కు (సిస్టమ్ ఫైళ్లకు) 45 జీబీ, హోమ్‌కు (మీ ఫైళ్లకు) మిగతాది, రెండూ ఎక్స్‌టీ4 (లినక్స్ ఫార్మాట్). ఉబుంటుకు కనీసం 25 జీబీ అంటారు గానీ స్నాప్‌లూ పాత కెర్నళ్లూ చేరేసరికి అది ఇరుకు. హోమ్ వేరుగా ఉంటే రేపు కొత్త వెర్షన్ వేసుకున్నా మీ ఫైళ్లు అలాగే ఉంటాయి. స్వాప్ (ర్యామ్‌కు తోడుగా డిస్కు మీద చోటు) పార్టిషన్ అక్కర్లేదు, ఉబుంటు స్వాప్ ఫైలు తనే చేసుకుంటుంది. లినక్స్‌ను హైబర్నేట్ చెయ్యాలనుకుంటేనే ర్యామ్ అంత స్వాప్ కావాలి.

పెన్‌డ్రైవ్ 8 జీబీ అయినా ఉండాలి, 24.04 ఐఎస్ఓ (ఇన్‌స్టాల్ ఫైలు) దాదాపు 6 జీబీ. దాన్ని పెన్‌డ్రైవ్‌కు రాసే రూఫస్ టూల్‌లో పార్టిషన్ స్కీమ్ జీపీటీ, టార్గెట్ యూఈఎఫ్‌ఐ. రాసే ముందు ఐఎస్ఓ ఎస్‌హెచ్‌ఏ256 (డౌన్‌లోడ్ పాడవలేదని చూపే సంఖ్య) సరిచూసుకోండి. మధ్యలో "ఫైల్ కాపీ విఫలం" అని ఆగే ఇన్‌స్టాల్‌లలో చాలావాటికి పాడైన డౌన్‌లోడే కారణం.

#11 · ఇనుపపెట్టె

ఒక్క మాట. డెస్క్‌టాప్ అయినా, రెండో ఎం.2 స్లాట్ ఉన్న ల్యాప్‌టాప్ అయినా, వీటన్నిటి బదులు రెండో ఎస్‌ఎస్‌డీ పెట్టుకోవడం నూరుపాళ్లు మంచిదని నా అభిప్రాయం. 256 జీబీ చాలు. విండోస్ డిస్కును కుదించే పని ఉండదు, ఈఎఫ్‌ఐ పార్టిషన్ పంచుకునే పని ఉండదు.

ఒక షరతు ఉంది. లినక్స్ ఎక్కించేటప్పుడు విండోస్ డిస్కును తీసెయ్యండి, లేదా బయోస్‌లో ఆ స్లాట్ ఆపెయ్యండి. రెండో డిస్కు ఎంచుకున్నా సరే బూట్‌లోడర్‌ను మొదటి డిస్కు ఈఎఫ్‌ఐలో పెట్టేసే అలవాటు పాత ఉబుంటు ఇన్‌స్టాలర్‌కు ఉండేది. అది తెలియకుండా తర్వాత మొదటి డిస్కు తీస్తే లినక్స్ కూడా లేవదు. విండోస్ ఇన్‌స్టాలర్ కూడా ఇదే పని చేస్తుంది, దాని విషయంలో మరీ జాగ్రత్త.

#12 · నల్లకలువ

ఒప్పుకుంటాను. ఒకే డిస్కు ఉన్నవాళ్లకు ఈ చర్చ అవసరం కాబట్టి ఇంకోటి కలుపుతున్నా: పాత మెషిన్ ఉన్నవాళ్లు ముందు ఎంఎస్‌ఇన్ఫో32 తెరిచి "బయోస్ మోడ్" దగ్గర ఏముందో చూడండి. యూఈఎఫ్‌ఐ (కొత్త బూట్ పద్ధతి) అని ఉంటే పెన్‌డ్రైవ్‌ను కూడా యూఈఎఫ్‌ఐలోనే లేపాలి. లెగసీ (పాత పద్ధతి) అని ఉంటే డిస్కు ఎంబీఆర్ అనే పాత పార్టిషన్ పట్టికతో ఉంటుంది. అందులో ప్రైమరీ పార్టిషన్లు నాలుగే, 2 టీబీ దాటి చూడలేదు. విండోస్ ఒక మోడ్‌లో, లినక్స్ ఇంకో మోడ్‌లో ఎక్కితే ఒకే మెనూలోంచి రెండూ తెరవడం కుదరదు, ప్రతిసారీ బయోస్‌లో మోడ్ మార్చుకోవాల్సి వస్తుంది. బూట్ మెనూలో పెన్‌డ్రైవ్ పేరు రెండుసార్లు కనపడితే యూఈఎఫ్‌ఐ అని ముందున్నదాన్ని ఎంచుకోండి.

#13 · తూనీగ

ఇన్‌స్టాల్ అయిందండి, ఎంఓకే తెర కూడా దాటాను. ఉబుంటు బాగా నడుస్తోంది. మూడు తేడాలు కనపడ్డాయి.

ఒకటి, ఉబుంటు నుంచి విండోస్‌కు వెళ్లిన ప్రతిసారీ గడియారం గంటల తేడా చూపిస్తోంది. రెండు, ఉబుంటులో సీ డ్రైవు తెరుచుకుంటోంది గానీ ఫైలు రాయనివ్వడం లేదు, రీడ్ ఓన్లీ అంటోంది. మూడు, నిన్న విండోస్ అప్‌డేట్ అయ్యాక గ్రబ్ మెనూ రావడం లేదు, నేరుగా విండోస్‌లోకి పోతోంది.

#14 · చిగురు

గడియారం: మదర్‌బోర్డు మీదున్న గడియారంలో విండోస్ స్థానిక సమయం ఉందనుకుంటుంది, లినక్స్ యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) ఉందనుకుంటుంది. మీ ప్రాంతానికీ యూటీసీకీ ఎంత తేడానో అంత తేడా వస్తుంది. రెంటిలో ఒకదాన్ని ఒప్పించాలి. లినక్స్‌లో టైమ్‌డేట్‌సీటీఎల్‌తో స్థానిక సమయానికి మార్చడం ఒక్క లైను పనే, కానీ అదే కమాండ్ "ఇది సిఫార్సు చెయ్యం" అని హెచ్చరిస్తుంది. వేసవి గడియారం మారే చోట్ల రెండు సిస్టమ్‌లూ చెరోసారి గంట జరిపే ప్రమాదం ఉంది.

విండోస్‌ను మార్చడమే సరైన పద్ధతి. రిజిస్ట్రీ ఎడిటర్‌లో హెచ్‌కీ లోకల్ మెషిన్, సిస్టమ్, కరెంట్ కంట్రోల్ సెట్, కంట్రోల్, టైమ్‌జోన్ ఇన్ఫర్మేషన్ దాకా వెళ్లండి. అక్కడ రియల్‌టైమ్‌ఈజ్‌యూనివర్సల్ అనే పేరుతో డీవర్డ్ చేసి విలువ 1 ఇవ్వండి. పేరు మధ్య ఖాళీలు ఉండకూడదు. రీస్టార్ట్ చేసి, ఉబుంటులోకి వెళ్లి ఒకసారి సమయం సరిచేసుకుంటే ఇక కదలదు.

#15 · రాతిగోడ

రీడ్ ఓన్లీకి కారణం ఫాస్ట్ స్టార్టపే అయ్యుండాలి. పెద్ద అప్‌డేట్ తర్వాత అది మళ్లీ ఆన్ కావడం మామూలే. పవర్ ఆప్షన్స్ చూడండి, ఆన్‌లో ఉంటే అదే కమాండ్ మళ్లీ ఇవ్వండి. అప్పటికి తప్పించుకోవాలంటే షట్‌డౌన్ బదులు రీస్టార్ట్ కొట్టి గ్రబ్ దగ్గర ఉబుంటు ఎంచుకోండి. రీస్టార్ట్‌లో విండోస్ నిజంగానే పూర్తిగా ఆగుతుంది.

నిద్రలో ఉన్న ఎన్‌టీఎఫ్‌ఎస్ (విండోస్ డ్రైవు ఫార్మాట్) మీద బలవంతంగా రాయించే ఆప్షన్లు ఉన్నాయి. దయచేసి వాడొద్దు. విండోస్ లేవగానే తన జ్ఞాపకంలో ఉన్న పాత ఫైలు పట్టికను డిస్కు మీద రాసేస్తుంది, మీరు లినక్స్ నుంచి రాసినది దాని కింద నలిగిపోతుంది. ఎన్‌టీఎఫ్‌ఎస్‌ఫిక్స్ అనే టూల్ కూడా "డర్టీ" గుర్తు చెరపడం తప్ప పెద్దగా బాగుచెయ్యదు. అసలు మరమ్మతు విండోస్‌లో చెక్‌డిస్క్, స్లాష్ ఎఫ్‌తోనే.

ఇంకా మంచి పద్ధతి, సీ డ్రైవును లినక్స్‌లో కేవలం చదవడానికే ఉంచుకోవడం. ఇద్దరికీ కావల్సిన ఫైళ్ల కోసం 30, 40 జీబీలతో వేరే ఎన్‌టీఎఫ్‌ఎస్ పార్టిషన్ చేసుకోండి. 5.15 కెర్నల్ నుంచి ఎన్‌టీఎఫ్‌ఎస్3 డ్రైవర్ లోపలే ఉంది, వేగం బాగుంటుంది. ఫొటోలు, డాక్యుమెంట్లు, వీడియోలకు అది సరిపోతుంది. లినక్స్ హోమ్ ఫోల్డర్‌ను మాత్రం అందులో పెట్టొద్దు, లినక్స్ అనుమతులు అక్కడ సరిగ్గా నిలవవు. స్టీమ్ గేములను కూడా అక్కడి నుంచి లినక్స్‌లో ఆడాలని చూడొద్దు. విండోస్ గేములను లినక్స్‌లో నడిపే ప్రోటాన్ తన ఫోల్డర్‌లో కోలన్ గుర్తుతో పేర్లు చేస్తుంది, విండోస్ వైపు అవి చెల్లవు, చెక్‌డిస్క్ వాటిని తప్పులుగా చూస్తుంది.

#16 · నల్లకలువ

గ్రబ్ పోలేదండి, వరసలో వెనక్కి జరిగింది. మళ్లీ ఇన్‌స్టాల్ చెయ్యాల్సిన పనేమీ లేదు. మెషిన్ ఆన్ అవుతుండగా బూట్ మెనూ కీ నొక్కండి. తయారీదారును బట్టి ఎఫ్12, ఎఫ్9, ఎఫ్8, ఎస్కేప్‌లలో ఏదో ఒకటి. అందులో ఉబుంటు పేరు ఉంటే అంతా క్షేమం. బయోస్‌లో బూట్ ఆర్డర్‌లో దాన్ని విండోస్ బూట్ మేనేజర్ కన్నా పైకి జరపండి. ఉబుంటులోంచి ఈఎఫ్‌ఐబూట్‌ఎంజీఆర్ కమాండ్‌తో కూడా వరస మార్చవచ్చు.

కొన్ని బయోస్‌లు మీరేం పెట్టినా విండోస్‌నే పట్టుకుంటాయి. అలాంటివాటిలో విండోస్ కమాండ్ ప్రాంప్ట్ నుంచి బీసీడీఎడిట్‌తో బూట్ మేనేజర్ పాత్‌ను ఉబుంటు ఫోల్డర్‌లోని షిమ్‌ఎక్స్64 ఫైలుకు మార్చాలి. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉన్నప్పుడు గ్రబ్‌ఎక్స్64కు కాదు, షిమ్‌కే. పవర్‌షెల్‌లో చేస్తే మీసాల బ్రాకెట్లకు కొటేషన్ పెట్టాలి, లేకపోతే తప్పు చూపిస్తుంది.

మెనూలో ఉబుంటు పేరే లేకపోతే అప్పుడు మరమ్మతు. లైవ్ పెన్‌డ్రైవ్‌ను యూఈఎఫ్‌ఐ మోడ్‌లో లేపి, రూట్ పార్టిషన్‌ను ఎంఎన్‌టీ దగ్గర మౌంట్ చేసి, ఈఎఫ్‌ఐ పార్టిషన్‌ను దాని లోపలి బూట్-ఈఎఫ్‌ఐ దగ్గర మౌంట్ చెయ్యాలి. డెవ్, ప్రాక్, సిస్, రన్ ఫోల్డర్లను బైండ్ చేసి, క్రూట్‌తో డిస్కులోని ఉబుంటులోకి వెళ్లి గ్రబ్-ఇన్‌స్టాల్, ఆ తర్వాత అప్‌డేట్-గ్రబ్. మౌంట్ వరస తప్పితే గ్రబ్ ఫైళ్లు పెన్‌డ్రైవ్ ర్యామ్‌లో పడి రీబూట్‌తో మాయమవుతాయి. సరిగ్గా చేశాననుకుని మళ్లీ మళ్లీ ప్రయత్నించేవాళ్లలో ఎక్కువమంది పొరపాటు ఇదే.

#17 · మట్టిదివ్వె

నాకు దీనికి తిరగేసిన సమస్య. గ్రబ్ వస్తోంది, అందులో విండోస్ పేరు లేదు.

#18 · నల్లకలువ

2021లో వచ్చిన గ్రబ్ 2.06 నుంచి ఇతర సిస్టమ్‌లను వెతికే ఓఎస్-ప్రోబర్‌ను డీఫాల్ట్‌గా ఆపేశారు. ఈటీసీలో డీఫాల్ట్ ఫోల్డర్‌లో ఉన్న గ్రబ్ ఫైలు తెరిచి, గ్రబ్-డిసేబుల్-ఓఎస్-ప్రోబర్ విలువను ఫాల్స్ చెయ్యండి. ఆ పేరు పెద్ద అక్షరాల్లో, మధ్యలో అండర్‌స్కోర్లతో ఉండాలి. ఓఎస్-ప్రోబర్ ప్యాకేజీ ఉందో లేదో చూసుకుని అప్‌డేట్-గ్రబ్ నడపండి. "విండోస్ బూట్ మేనేజర్ దొరికింది" అని తెర మీద రావాలి. అదే ఫైలులో టైమ్‌అవుట్ 10 పెట్టుకుంటే ఎంచుకోవడానికి తీరిక ఉంటుంది. డీఫాల్ట్‌ను సేవ్‌డ్ చేసి, సేవ్‌డీఫాల్ట్‌ను ట్రూ చేస్తే కిందటిసారి ఎంచుకున్నదే మళ్లీ వస్తుంది. విండోస్ అప్‌డేట్లు రెండు మూడుసార్లు రీస్టార్ట్ అయ్యేటప్పుడు ఇది చాలా ఉపయోగం, మధ్యలో ఉబుంటులోకి పోకుండా ఉంటుంది.

#19 · చిగురు

ఒక తేడా చెప్పుకోవాలి. ఎన్‌క్రిప్షన్ మళ్లీ ఆన్ చేసేవాళ్లు గ్రబ్ మెనూ నుంచి విండోస్‌ను తెరవకండి. దారి మధ్యలో గ్రబ్ ఉన్నట్టు టీపీఎం (ఎన్‌క్రిప్షన్ కీని కాపాడే చిప్) లెక్కల్లో పడుతుంది, రికవరీ కీ అడగవచ్చు. బయోస్ బూట్ మెనూ నుంచి నేరుగా విండోస్ బూట్ మేనేజర్ ఎంచుకుంటే ఆ గొడవ రాదు.

సెక్యూర్ బూట్ ఉన్నవాళ్లకు ఇంకోటి. 2024 ఆగస్టు విండోస్ అప్‌డేట్ తర్వాత కొన్ని డ్యూయల్ బూట్ మెషిన్లలో లినక్స్ "షిమ్ ఎస్‌బ్యాట్ డేటా పరిశీలన విఫలం" అంటూ ఆగిపోయింది. పాత షిమ్‌లను నిరోధించే జాబితా ఆ అప్‌డేట్‌తో వచ్చింది. పాత ఐఎస్ఓ వాడితే అది ఎదురుకావచ్చు. సెక్యూర్ బూట్ ఆపి ఉబుంటు లేపండి, ఎంఓకేయుటిల్‌తో ఎస్‌బ్యాట్ పాలసీని డిలీట్‌కు పెట్టి రీబూట్ చెయ్యండి. ఉబుంటును పూర్తిగా అప్‌డేట్ చేశాక సెక్యూర్ బూట్ తిరిగి ఆన్ చెయ్యండి. కొత్తగా పెట్టేవాళ్లు తాజా పాయింట్ రిలీజ్ ఐఎస్ఓ తీసుకుంటే ఈ అవస్థ ఉండదు.

#20 · తూనీగ

బూట్ ఆర్డర్‌తో గ్రబ్ వచ్చేసింది. గడియారం సరైంది. ఫాస్ట్ స్టార్టప్ నిజంగానే మళ్లీ ఆన్ అయి ఉంది, ఆపాను. రెండు చివరి ప్రశ్నలు. ఎప్పుడైనా ఉబుంటు తీసెయ్యాలంటే ఎలా? ఇంకా బ్లూటూత్ హెడ్‌ఫోన్‌ను సిస్టమ్ మారిన ప్రతిసారీ మళ్లీ జత చెయ్యాల్సి వస్తోంది. ఇది ఎందుకు?

#21 · రాతిగోడ

తీసెయ్యడంలో వరసే ముఖ్యం. మొదట బయోస్‌లో విండోస్ బూట్ మేనేజర్‌ను పైకి జరిపి, అది నేరుగా లేస్తోందని చూసుకోండి. ఆ తర్వాతే డిస్క్ మేనేజ్‌మెంట్‌లో రెండు లినక్స్ పార్టిషన్లు డిలీట్ చేసి, సీ మీద ఎక్స్‌టెండ్ కొట్టండి. ఖాళీ సీ పక్కనే ఉంటుంది కాబట్టి కలిసిపోతుంది. ముందే పార్టిషన్లు చెరిపేస్తే గ్రబ్ తన ఫైళ్లు దొరక్క నల్ల తెర మీద గ్రబ్ ప్రాంప్ట్ దగ్గర నిలబడిపోతుంది. అప్పుడు కూడా కంగారు అక్కర్లేదు, బూట్ మెనూ నుంచి విండోస్ తెరుచుకుంటుంది.

ఈఎఫ్‌ఐ పార్టిషన్‌లో ఉబుంటు ఫోల్డర్ మిగిలిపోతుంది. అడ్మిన్ కమాండ్ ప్రాంప్ట్‌లో మౌంట్‌వాల్, ఎస్ కోలన్, స్లాష్ ఎస్ అంటే అది ఎస్ డ్రైవుగా తెరుచుకుంటుంది. ఈఎఫ్‌ఐ ఫోల్డర్‌లోని ఉబుంటును మాత్రమే తీసెయ్యండి. పక్కనే మైక్రోసాఫ్ట్, బూట్ అనే ఫోల్డర్లుంటాయి, వాటి మీద చెయ్యి పడకూడదు.

#22 · ఇనుపపెట్టె

బ్లూటూత్: రెండు సిస్టమ్‌లకూ అడాప్టర్ చిరునామా ఒకటే, కానీ జత చేసినప్పుడు పుట్టే కీ వేరు. హెడ్‌ఫోన్ ఒక చిరునామాకు ఒక్క కీనే గుర్తుంచుకుంటుంది. విండోస్‌లో జత చేస్తే ఉబుంటు కీ పోతుంది, ఉబుంటులో చేస్తే విండోస్‌ది పోతుంది. ఒకే కీ రెండు చోట్లా ఉంటే చాలు.

ముందు ఉబుంటులో జత చెయ్యండి, తర్వాత విండోస్‌లో చెయ్యండి. ఇప్పుడు విండోస్ కీ మాత్రమే చెల్లుతుంది. ఉబుంటులోకి వచ్చి సీ డ్రైవును చదవడానికి మౌంట్ చేసి, సీహెచ్‌ఎన్‌టీపీడబ్ల్యూ టూల్‌తో విండోస్ సిస్టమ్ రిజిస్ట్రీ ఫైలు తెరవండి. కంట్రోల్‌సెట్001, సర్వీసెస్, బీటీహెచ్‌పోర్ట్, పారామీటర్స్, కీస్ కింద మీ అడాప్టర్ చిరునామా పేరుతో ఒక భాగం ఉంటుంది. అందులో హెడ్‌ఫోన్ చిరునామా ఎదురుగా 16 బైట్ల విలువ కనపడుతుంది.

ఉబుంటులో వార్, లిబ్, బ్లూటూత్ ఫోల్డర్‌లో అడాప్టర్ ఫోల్డర్, దానిలో హెడ్‌ఫోన్ ఫోల్డర్, అందులో ఇన్ఫో ఫైలు. లింక్‌కీ భాగంలో కీ అని ఉన్న చోట ఆ 16 బైట్లను ఖాళీలు లేకుండా 32 పెద్ద అక్షరాలుగా రాసి సేవ్ చెయ్యండి. బ్లూటూత్ సర్వీసు రీస్టార్ట్ చేసి హెడ్‌ఫోన్ ఆన్ చేస్తే అడగకుండానే కలుస్తుంది.

మౌస్, కీబోర్డులు చాలావరకు తక్కువ విద్యుత్ బ్లూటూత్ రకం. వాటికి ఒక్క కీ కాదు, ఎల్‌టీకే, ఐఆర్‌కే, ఈడివ్, ర్యాండ్ అని నాలుగు విలువలు మార్చాలి. కొన్ని మౌస్‌లు జత చేసిన ప్రతిసారీ తమ చిరునామా కూడా కొద్దిగా మార్చుకుంటాయి. అప్పుడు లినక్స్‌లో ఆ ఫోల్డర్ పేరును కూడా విండోస్ చూపించిన చిరునామాకు మార్చాకే కలుస్తాయి.

#23 · తూనీగ

హెడ్‌ఫోన్ కలిసిందండి. మొదటిసారి కీ చిన్న అక్షరాల్లో రాసేశాను, కలవలేదు. పెద్ద అక్షరాల్లోకి మార్చి సర్వీసు రీస్టార్ట్ చెయ్యగానే పట్టుకుంది. మౌస్ సంగతి రేపు చూసి ఇక్కడే రాస్తాను.